నడిమి గోడ మీద నాలుగు వరసలు

ఆ పైన నాలుగు వరసలా? అయ్యి సిమెంటు ఇటుకలే అమ్మలూ. కిందది మట్టిగోడ, పైది నేను పెట్టించింది. మొన్న సంక్రాంతి వెళ్ళాక... కాదు కాదు, శివరాత్రి అయినాక. మిరపకాయ కల్లంలో ఉంది అప్పటికి.

ఫోను ఇట్టా పట్టుకుంటే నా మాట రికార్డు అవుద్దా? ఇంకా దగ్గరగానా? సరే.

మీ నాయనమ్మ గుండె ఆగి పోయిందని మీ నాన్నకి చెప్పా. గుండే ఆగింది, అబద్ధం కాదు. ఈ గోడ సంగతి మాత్రం చెప్పలా. నీకు చెబుతన్నా. వాడికి నువ్వే వినిపించు, నా వల్ల కాదు.

ఇదంతా ఒకటే ఇల్లు కదా. మా నాన్న పోయినాక నేనూ మా తమ్ముడూ పంచుకున్నాం. మధ్యలో గోడ పెట్టాం, దూలం ఎత్తుదాకా. ఆ పైన కప్పు ఒకటే, వాసాలు ఒకటే, పెంకులు ఒకటే. గోడకీ కప్పుకీ నడుమ సందు ఉండేది, పిల్లి అటూ ఇటూ దూకి పోయేది. అన్నదమ్ములం, ఒకరి దగ్గర ఒకరం దాచుకునేదేముంది చెప్పు. తర్వాత మా తమ్ముడు వాడి సగం అమ్ముకుని కూతురి దగ్గరికి ఖమ్మం పోయాడు. కొన్నది ఈ వెంకటరత్నం. నందిగామ కాడ పత్తి మిల్లులో చేసేవాడు. ఇరవై ఏళ్ళు దూది పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడైనయ్యి. మనిషి మంచోడే, నోట్లో మాట లేదు. మాటంతా పెళ్ళాం సుగుణదే.

నాకా, మీసం రాకముందు నుంచే పొగ. అప్పుడు కొనేదెక్కడ, చేలో పొగాకే, చుట్ట చుట్టుకోటమే. తర్వాత సిగరెట్లు. రూపాయిస్తే జేబు నిండేది. ఇప్పుడు ఒక్కటి ఇరవై అంటన్నాడు కొట్లో... ఏదో చెబుతన్నా. ఆఁ, మంచం. నా మంచం ఆ గోడ పక్కనే. పడుకుని కాలిస్తే పొగ పైకి పోయి, పెంకుల కింద తిరిగి, అటు దిగుద్ది. దిగితే వెంకటరత్నానికి దగ్గు. మామూలు దగ్గు కాదులే. పేగులు నోట్లోకి వస్తయ్యేమో అనిపించేది.

సుగుణ మొదట మర్యాదగానే వచ్చింది. "బాబాయిగారూ, ఆయనకి మందు పీల్చే గొట్టం ఇచ్చారు. మీరు కాల్చుకునేది కాస్త వీధరుగు మీద కూచుని కాల్చుకోండి, మీకు దణ్ణం పెడతా" అంది.

"బస్సులో వద్దన్నారు, మానా. ఆస్పత్రిలో వద్దన్నారు, మానా. నా ఇంట్లో, నా మంచం మీద కూడా వద్దంటే నేనెక్కడ బతకాలే?" అన్నా.

"మంచం మీ సొంతమే బాబాయిగారూ. పొగే మా మంచం మీదికి వస్తంది."

"నువ్వు ఎండుచేపలు వేయిస్తే ఆ కంపు నా ఇంట్లోకి రాట్లా? నేనేమన్నా అడిగానా?"

"అడగలా. కూర పంపితే తిన్నారు."

లోపల మీ నాయనమ్మ నవ్వింది. ఆ నవ్వుకి కాలింది నాకు. ఇంకో మాట కూడా అన్నాలే. మిల్లులో ఇరవై ఏళ్ళు దూది తిన్నప్పుడు రాని దగ్గు నా సిగరెట్టుకే వచ్చిందా అని. గోడవతల వెంకటరత్నం వింటానే ఉన్నాడు. సుగుణ వెనక్కి తిరిగి పోయింది.

సుగుణ వాళ్ళు సంగతి పాలకేంద్రం కాడ నలుగురు పెద్దల ముందు పెట్టారు. ఆ పెద్దలేమన్నారూ, ఎవడింట్లో వాడిష్టం, కాదనలేం, పొగ మాత్రం అటు పోకుండా చూసుకో అన్నారు. అంతేగా, నేను గెలిచా అనుకున్నా. మర్నాడే జగ్గయ్యపేట నుంచి ఇటుకలు తెప్పించా, మేస్త్రీని పెట్టా.

మీ నాయనమ్మ అన్నం పెట్టలా ఆ పూట. "నువ్వు కల్లానికి పోతే నాకు ఆ సందే దిక్కయ్యా. నేను మూలిగినా సుగుణకి తెలుస్తది. అరుగు మీదికి పోయి కాల్చుకుంటే నీ సొమ్మేం పోద్ది?" అంది. దానికి అప్పటికే రెండుసార్లు గుండెలో పట్టేసింది కదా. రెండుసార్లూ సుగుణే మూలుగు విని పరిగెత్తుకొచ్చింది. నాకు తెలవదా ఏంది, తెలుసు. తెలిసీ, "నా ఇంట్లోంచి నన్ను బయటికి పొమ్మంటావా" అన్నా దాన్ని.

మేస్త్రీ రెండో వరస పెడతా ఉంటే అవతల నుంచి సుగుణ గొంతు. "బాబాయిగారూ, మూయొద్దండీ. నేనింకేమీ అనను. మీరు కాల్చుకోండి. పిన్నిగారు ఒక్కరే ఉంటారు." మేస్త్రీ చెయ్యి ఆపి నా మొహం చూశాడు. కానీయరా అన్నా.

పూర్తయిన రోజు ఒకదాని వెంట ఒకటి కాల్చా. పొగ అటు పోలా. ఇటే నిలబడిపోయింది. మీ నాయనమ్మ చెంగు మూతికి అడ్డం పెట్టుకుని వండింది.

పది రోజులు పోయినాక మబ్బు పట్టింది. కల్లంలో కాయ ఆరబోసి ఉంది, తడిస్తే బూజు పట్టుద్ది, ఎవడూ కొనడు. పట్టాలు కప్పి అక్కడే కాపలా పడుకోవాలి. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను, అది నా జేబులోనే పెట్టుకుపోయా. "నువ్వు పో, నాకేమైద్ది" అని సద్ది కట్టి ఇచ్చింది.

ఆ రాత్రి గుండెలో పట్టేసి, మీ నాయనమ్మ తన మంచం దిగి గోడ దాకా వచ్చింది అమ్మలూ. చెంబు పెట్టి కొట్టింది. సున్నం రాలి ఉంది, చెంబు అక్కడే పడి ఉంది. సుగుణని అడిగా తర్వాత, వినపళ్ళా నీకు అని. "చప్పుడు అయింది బాబాయిగారూ. గొంతు రాలా, చప్పుడే. మీరే ఇంకేదో మేకు కొడతన్నారు, మామీద కోపం తీరలేదనుకున్నా" అంది. దాన్నేమనను.

ఆ ఇటుకలు తీయించమని వెంకటరత్నం కూడా అడగలా. నేనూ తీయించలా. తీసి ఎవరిని పిలవాలి. సిగరెట్టు మానావా అంటావేమో, మానలా. అరుగు మీద కూచుని కాలుస్తన్నా ఇప్పుడు.

ఆ రోజు వాన కూడా పడలేదే. ఒక్క చుక్క పడలా. పొద్దున పట్టాలు తీసి, కాయ మళ్ళీ ఎండకి పరిచి, సైకిలేసుకుని ఇంటికొచ్చా. తెల్లారకముందే మీ నాయనమ్మ పోయింది.