పత్తి బండికి కోడి సుంకం

"అవ్వా, అమెరికా, చైనా ఒకదాని సరుకు మీద ఒకటి సుంకాలేసుకుంటున్నయని టీవీల ఒకటే లొల్లి. నువ్వెప్పుడో గసొంటిది చూసిన అన్నవ్ గదా, జర చెప్పు."

చూసుడేంది బిడ్డా, చేసిన. గీ ముచ్చటల ఒక్క అబద్ధమున్నా నా నోట్ల పండ్లన్ని రాలిపోనీ. నవ్వకు, ఇంక రెండున్నయ్, వాటి మీదనే ఒట్టు.

గప్పుడు తెలంగాణ కొట్లాట మంచి ఊపు మీదుండె. ఎటు చూసినా బందులు, రోడ్ల మీద వంటావార్పులు. ఆ యేడు మాకు పత్తి ఎట్ల పండిందనుకున్నవ్? ఇల్లంత నింపితె మనుషులకు జాగ లేక, మీ తాత, నేను దూలం మీద పండుకున్నం. దూలమంటే... సరే, అరుగు అనుకో. నాకు ఒక్కటే ఆశ. నెల్లికుదురుల మా చెల్లె ఇంటి పక్కన ఒక బర్రె ఉండె. పూటకు బిందెడు పాలిచ్చేది. పత్తి అమ్మి పైసలు తెస్త, ఆయితారం దాక ఎవ్వలకు ఇయ్యకని ఆ బర్రె ఆయనను బతిలాడి వచ్చిన.

అమ్ముదామని జనగామ పోయి అడిగితె, పత్తి కొనే అడ్తి సేటు తలకాయ గూడ ఎత్తలే. రేటు పడ్డదమ్మా అన్నడు. ఎందుకంటె, అంగీలు అగ్గువకు అమ్ముకోవాలని చైనావోడు వాని రూపాయి ధర కావాలనే తక్కువ పెట్టుకున్నడట. దానికి అమెరికావోడు అలిగి, తనేమొ నోట్లు అచ్చుగుద్దుతుండట. మన పత్తంత బయటి దేశాలకే పోతె మన మిల్లులకు కరువైతదని ఢిల్లీవోళ్లు తలుపేసిన్రట. మిల్లోళ్లకు అగ్గువ, మాకు బుగ్గి. మా చెల్కల పత్తికి, చైనా రూపాయికి ఏం సుట్టరికం సేటూ అంటె, గది నాకూ సమజ్ కాలేదమ్మా, చాయ్ తాగుతవా అన్నడు.

నాల్గొద్దులకు ఢిల్లీవోళ్లు తలుపు తెరిచిన్రు, రేటు ఎగిరింది. మాకే కాదు, చెరువవతలి ఊరోళ్లకు గూడ తెల్సింది. అదే, మీ తాత చెల్లె, నా ఆడబిడ్డ యాదమ్మను ఇచ్చిన ఊరు. వాళ్ల ట్రాక్టర్లు మా ఊరి మీదికెళ్లే జనగామ పోవాలె. మాకేమొ ట్రాక్టరు తెల్లారి గాని దొరకదు. వాళ్ల పత్తి ముందు పడ్డదంటె రేటు దిగుతది, నా బర్రె పాయె.

గప్పుడు నాకు ఢిల్లీ బుద్ధి పుట్టింది. మా ఊరి ఆడోళ్లం ఎట్లాగూ రోడ్డు మీద వంటావార్పు పెట్టినం గదా. పక్కూరి పత్తి బండి ఏది పోయినా ఒక కోడి ఇచ్చి పోవాలె, తెలంగాణ కోసం వండుతున్నం అన్న. తెలంగాణ పేరు చెప్తె ఎవ్వలు కాదంటరు? మొదలు యాదమ్మ మొగడే వచ్చిండు, పాపం మెతక మనిషి. కోడి ఇచ్చిండు. నేను కోడి తీస్కొని, ఇప్పుడే సుంకం పెరిగింది, రెండియ్యాలె అన్న. ఇంకొకటి లేక మర్లిపోయిండు. పొద్దూకే వరకు మా పొయ్యిల కాడ వెయ్యి కోళ్లు జమైనయ్. సరే, పదకొండు. ఒక్క బండిని గూడ పోనియ్యలే.

తెల్లారి మీ తాత మా పత్తి ఏసుకొని ట్రాక్టరెక్కిండు. మైలు పోయిండో లేదో, యాదమ్మ వాళ్లూరి ఆడోళ్లను డొంక తొవ్వల తీస్కొచ్చి, మాకు ముంగట రోడ్డు మీద పొయ్యిలు పెట్టి కూసున్నది. ఆ పొగకు మూడొద్దులు పొద్దు కనవడలేదంటె నమ్ము. మా ఊరి పత్తికి నాల్గు కోళ్లు, ఒక మేక అన్నది. నేను నీ సొంత అన్ననే గదనే అని మీ తాత నసిగితె,

"అన్నవైతేంది? నీ పెండ్లాం నా మొగని కోడి గుంజుకున్న నాడు నేను ఆడబిడ్డను కాకపోతినా?" అన్నదట.

ఈయన కొట్లాడాలె గదా? అక్కడనే కూసొని వాళ్ల పప్పన్నం రెండు మార్లు పెట్టిచ్చుకున్నడు. నాకు ఖబరొచ్చి నేను ఉరికే వరకు పగటాలైంది. ఇగ రోడ్డు మీద చర్చలు. ఆమె ఒక కోడి తగ్గిస్తది, నేను ఒక మాట తగ్గిస్త. మేక కాడ గంట ఆగినం. ముందు నిన్నటి కోళ్లు వాపస్ ఇయ్యి అన్నది. ఏడికెళ్లి ఇస్త? ఆ కోళ్లు మా ఊరి కడుపులల్ల ఉండె. ఆఖరికి ఇద్దరం పొయ్యిలు ఆర్పుడు, రెండూర్ల బండ్లు కలిసి పోవుడు అని ఒప్పుకున్నం. పెద్ద పెద్ద దేశాలోళ్ల లెక్క చేతులు గూడ కలుపుకున్నం.

జనగామ చేరే వరకు పొద్దు గూట్ల పడ్డది. పొద్దుగాల రాకపోతిరా అమ్మా, ఏడికెళ్లో వచ్చినోళ్లు మంచి ధరకు అమ్ముకొని పోయిన్రు, రేటు మళ్ల పడ్డది అన్నడు సేటు. ఎందుకు పడ్డదని యాదమ్మ అడిగింది. చైనా అన్నడు. నేను, యాదమ్మ ఒకల మొకం ఒకలం చూసుకోలే.

ట్రాక్టరు కిరాయి పోను నా కాడ మిగిలిన పైసలు పలుపుతాడుకు సాలినయ్. ఆయితారం నాడు ఆ బర్రెను ఇంకెవ్వలో తోల్కపోయిన్రు. తెలంగాణ వచ్చింది గని బిడ్డా, బర్రె రాలే.

సరే గని, చాయ్‌కి పాలు లేవు, లేచి ఒక పాకెట్ పట్టుకరాపో. చెరువవతలి డెయిరీది మాత్రం తేకు. యాదమ్మ మనవడు పెట్టిండు దాన్ని, నా ఇంట్లకు రానియ్య. ఏందీ, మనూర్ల పాలే దొరకయా? గట్లయితె గదే తే. చున్నీ కింద దాచి తే.