ఉల్లిపాయ రుద్దిన పెనం

అదేంటండీ, వంటిల్లంతా పొగ కమ్మేస్తుంటే ఆ పేపర్ పక్కన పెట్టరేం? కిటికీ అయినా తెరవండి. ఇదిగో, ఈ అట్టూ చిరిగింది!

పెళ్లయిన దగ్గర్నుంచి మీకు అట్లు పోస్తూనే ఉన్నానా? ఆ ధీమాతోనే ఒప్పుకున్నా. మన లూసీ మినియాపోలిస్ నుంచి లాంగ్ డిస్టెన్స్ కాల్ చేసి, "మమ్మీ, ఎరిక్ వాళ్లమ్మని ఆదివారం లంచ్‌కి తీసుకొస్తున్నా, వాళ్ల నార్వే పాన్‌కేక్స్ చెయ్యవా, చాలా హ్యాపీగా ఫీలవుతుంది" అంది. మైదా, గుడ్లు, పాలు, కాస్త బటర్. రుబ్బక్కర్లేదు, పులియక్కర్లేదు. ఓస్, ఇంతేనా అనుకున్నా!

గరిటెతో తిప్పకూడదంట. పిండి పోసి పెనాన్నే అటూ ఇటూ వంచాలంట. నా చెయ్యి ఊరుకుంటుందా? పోయగానే గుండ్రంగా తిరిగిపోతుంది. ఆ నీళ్లపిండి తట్టుకోవద్దూ? గరిటెకి అంటుకుని లేచొచ్చేస్తోంది.

ఆ వాసనా? అడక్కండి. అట్టు అట్టుకీ ముందు సగం ఉల్లిపాయ నూనెలో ముంచి పెనానికి రుద్దేశాను. అలవాటు! జామ్ రాసి, చుట్టి, పైన పంచదార చల్లుకుని తినేవాటికి ఉల్లిపాయ కంపు. ఇనప పెనం, కడిగినా వదలదు.

ఏంటీ, బిర్యానీ చెయ్యమంటారా? ఆహా! నెల రోజులుగా ఆ ఎరిక్‌తో పిల్ల పెళ్లి మాటెత్తితే నోరు విప్పని మనిషి, బిర్యానీకి విప్పారు! షికాగో దాకా డ్రైవ్ చేసి మేకమాంసం తెచ్చేదెప్పుడు, వండేదెప్పుడు?

అసలు మీ బాధేంటి? మతం అందామంటే మనమూ లూథరన్ చర్చివాళ్లమే, వాళ్లూ లూథరన్లే. కుర్రాడికి జాబ్ ఉంది. తాగడు. కాదనడానికి ఒక్క కారణం దొరక్క మౌనవ్రతం పట్టారు. మొన్న లూసీ ఏమందో తెలుసా? "వాళ్లమ్మ ముందు కూడా డాడీ ఇలాగే కూర్చుంటే, ఇంక ఈ ఇంటికి రాను మమ్మీ" అంది. ఏడవలేదండీ. ఏడ్చినా ఇంత భయపడేదాన్ని కాదు.

అలా చూడకండి. సరే, చెప్తా. నాకూ ఇష్టం లేదు. మీకంటే నాకే ఎక్కువ కష్టంగా ఉంది. అల్లుడొస్తే అత్తయ్యా అంటాడనుకున్నా. ఈ అబ్బాయి "హాయ్ వసంతా" అంటాడు! రేపు మనవలు పుడితే వాళ్లని నేను ఏ భాషలో ముద్దు చెయ్యాలి?

ఇందాక ఉల్లిపాయ వాసన రాగానే నాకు ఒళ్లు మండాలి కదా? మండలేదు. హమ్మయ్య, పాడైపోయింది అనిపించింది. వాళ్లు ఒక్క ముక్క తిని మొహం చిట్లిస్తే బావుణ్ను అనిపించింది. కన్నతల్లికి అలా అనిపించొచ్చా, చెప్పండి?

అదిగో, కారు ఆగింది. ఈ పిండి చేతులతో నేను రాలేను. మీరే వెళ్లి తలుపు తియ్యండి. మాటలు రాకపోతే మానెయ్యండి, కాస్త నవ్వండి చాలు.

నవ్వు రాదా? నాకు మాత్రం వస్తోందా ఏంటి? పదండి, పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది.