సుద్దముక్క

దర్జీ దుకాణంలో ఎదురెదురుగా రెండు కుట్టుమిషన్లు. వాటి ముందు తోడికోడళ్లు ఇద్దరు. పెద్దావిడ ఉన్నట్టుండి మిషన్ ఆపేసింది.

"నా కూతురికి ఏం మందు పెట్టావే? నెల తిరిగేసరికి పరీక్షలు. రోజూ పుస్తకాలు సర్దుకుని మీ ఇంటికే పరిగెడుతోంది!"

"ఊరుకో అక్కా. వచ్చి చదువుకుంటుంది, అంతే."

"మా ఇంట్లో బల్ల లేదా, లైటు లేదా? దానికోసం టీవీ కూడా కట్టేశాను. అడక్కముందే పాలు కలిపిచ్చి పక్కనే కూర్చుంటాను. నేను పది ఫస్టు క్లాసులో పాసయ్యాను. నువ్వేమో ఏడుతో ఆపేశావు. దానికి నువ్వు చెప్పే లెక్కలేంటో!"

"నేనేం చెబుతాను? అదే నాకు చెబుతుంది. నాకు బుర్రకెక్కకపోతే 'అయ్యో పిన్నీ' అని తల కొట్టుకుని మళ్లీ మొదలుపెడుతుంది. మూడోసారి చెప్పేటప్పటికి దాని తప్పు దానికే దొరికిపోతుంది."

"నా దగ్గర నోరే విప్పదు!"

"నువ్వు సుద్దముక్క పట్టుకుని కూర్చుంటావటగా. తప్పు కనబడగానే నోట్సు మీద గీత గీస్తావట, కుట్టు విప్పమన్నట్టు."

పెద్దావిడ తన చేతిలోని సుద్దముక్క వైపు చూసుకుంది.

"సరే, ఇవాళ నేనూ మీ ఇంటికొస్తాను. నాకూ లెక్కలు రావని చెబుతాను."

"నమ్మదక్కా. మా అమ్మకు రాని లెక్కే లేదని రోజూ గొప్పలు పోయేది అదే."

"ఆ మాట కూడా నీకే చెప్పిందా!"