పాలలాంటి అద్దం

గుడివాడలో కొత్తగా కట్టిన ఇల్లు. పడగ్గదికి ఆనుకున్న బాత్రూంలో వందన ఉండిపోయింది. తలుపుకి ఇవతల, గదిలో, అత్తగారు ఇందిరాదేవి ఉంది.

"తలుపు ఉబ్బిందేమోనే అమ్మాయ్. వానలు కదా."

"ఉబ్బితే తాళం చప్పుడెందుకు వినపడింది అత్తయ్యా?"

"తాళమా?"

"తాళమే. మీ అబ్బాయి వేసి వెళ్ళారు. నేను మొహం కడుక్కుంటుంటే వేశారు."

"వాడేదో కోపంలో... మధ్యాహ్నానికి వచ్చేస్తాడులే."

"మధ్యాహ్నం లోపే నేను బందరు కాలేజీలో ఉద్యోగంలో చేరాలి. ఇవాళే ఆఖరి రోజు. అది తెలిసే కదా వేశారు?"

"నాకేం తెలుసే!"

"తీయండి అత్తయ్యా."

"తాళంచెవి వాడి జేబులో ఉంది."

"పోనీ ఫోను ఇవ్వండి, కింద సందులోంచి తొయ్యండి."

"ఫోను... ఛార్జింగు లేదు."

"అయితే పక్కింటి వీరదుర్గ పిన్నిగారిని కేకెయ్యండి. వీధిలోకి వెళ్ళి ఒక్క కేక."

"మోకాళ్ళు లేవనివ్వట్లేదే."

"నిన్న పెరట్లో మల్లెపూలు కోశారు."

"నిన్న నిన్నే."

"అత్తయ్యా, నేనెంత అరిచినా ఆవిడకి వినపడట్లేదు. ఈ కిటికీకి తెరిచే రెక్కే లేదు. మగ్గుతో కొట్టాను, చెంబుతో కొట్టాను, పగలట్లేదు."

"పగలగొట్టకే! ఎంత మోజుపడి పెట్టించాడు!"

"మోజుపడే పెట్టించారు. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళందరినీ గదిలోకి తీసుకొచ్చి మరీ చూపించలేదూ? స్విచ్చి వేస్తే ఈ కిటికీ అద్దం నీళ్ళలా తేటగా, తీసేస్తే పాలలా తెల్లగా. ఆ స్విచ్చి మీ పక్కనే ఉంది."

"ఉంటే?"

"వెయ్యండి. పిన్నిగారి పెరడు ఇటే. నేను కనపడతాను."

"కరెంటు లేదే."

"ఇక్కడ ఎగ్జాస్టు ఫ్యాను తిరుగుతోంది అత్తయ్యా. ఉన్నారా అక్కడ?"

"ఉన్నాను. ఎక్కడికి పోతాను?"

"వెయ్యండి మరి."

"ఊళ్ళో ఏమనుకుంటారే? కోడల్ని బాత్రూంలో పెట్టి తాళం వేశారంటే మొహం ఎక్కడ పెట్టుకోను?"

"వేసింది నిజమే కదా!"

"నిజమైతే మాత్రం, అందరికీ చూపించుకుంటామా? మీ మావయ్యగారున్నప్పుడు నేను ఎన్ని దాచాను! వీరదుర్గకి తెలుసా? మా పుట్టింటివాళ్ళకి తెలుసా?"

"ఏం దాచారు?"

"ఏం లేదులే."

"చెప్పండి."

"ఏం లేదన్నానుగా! నీ మాటలు నీవి. నీళ్ళు తాగావా?"

"పంపు నీళ్ళు తాగాను. మీరు టిఫిను చేశారా?"

"నాకు ఆకలి లేదు."

"మాత్రలు?"

"వంటింట్లో ఉన్నాయి."

"వెళ్ళి ఏదైనా తిని వేసుకోండి. నేనెక్కడికీ పోనుగా. షుగరు పడిపోతే అక్కడే తూలిపోతారు."

"వేసుకుంటాను, తర్వాత వేసుకుంటాను."

"అత్తయ్యా, ఒక్క మాట. ఇవాళ ఈ ఉద్యోగం పోయిందనుకోండి. దీంతో ఆగుతారా ఆయన? రేపు నేను ఉయ్యూరు మా అమ్మ దగ్గరికి వెళ్తానంటే? ఎల్లుండి మీరు మీ చెల్లెల్ని చూసొస్తానంటే? అత్తయ్యా, ఏడుస్తున్నారా?"

"లేదే. బట్టలు కట్టుకునే ఉన్నావుగా?"

"కాలేజీకి కట్టుకున్న చీరే."

"పైట సరిగ్గా వేసుకో. ఇక్కడ మూడు స్విచ్చిలున్నాయి. ఏది?"

"నీలం లైటు వెలిగేది."

"వేశాను."

"అయ్యో, కనపడుతోంది! పిన్నిగారు బట్టలు ఆరేస్తున్నారు. పిన్నీ! పిన్నిగారూ! ఇటు! ఇటు చూడండి!"

"చూసిందా?"

"అటు తిరిగారు... బకెట్టు కింద పెట్టారు. చూశారు అత్తయ్యా! చేతులు ఊపితే నోరు తెరుచుకుని చూస్తున్నారు. గోడ దాకా వచ్చేశారు!"

"వస్తోందా? దేవుడా!"

"మీరు వెళ్ళి వీధి తలుపు తీయండి, త్వరగా."

"నేను తీయలేనే."

"ఇంకా మీ అబ్బాయికి భయపడుతున్నారా?"

"ఆవిణ్ణి గునపం తెమ్మని సైగ చెయ్యి వందనా. పొద్దున్న వెళ్తూ వెళ్తూ ఈ గదికీ తాళం వేసుకెళ్ళాడు."