ఏడో నంబరు వేసుకున్నవాడు

(2003, జూన్. మచిలీపట్నం బస్టాండు, మధ్యాహ్నం మూడు గంటలు. విజయవాడ బస్సు మెట్టు మీద భానుప్రకాష్. కింద ప్రేమ్ సాగర్.)

"దిగు."

"చెయ్యి తియ్ ప్రేమ్. చొక్కా చిరుగుతుంది."

"చిరగనీ. కొత్తదేగా? కొత్త చొక్కా వేసుకోడానికి ఇప్పుడేం అడ్డం లేదుగా నీకు?"

"అందరూ చూస్తున్నారు."

"చూస్తే చూడనీ. దొంగతనం చేసింది నేను కాదు. ముందు దిగు."

"ఈ బస్సు తప్పితే బెజవాడలో మద్రాసు రైలు అందదు. రేపు తొమ్మిదింటికల్లా వీసా ఆఫీసులో ఉండాలి. నేనొచ్చాక మాట్లాడుకుందాం."

"వచ్చాకా? ఎప్పుడు? రెండేళ్ళు ఫ్రాన్సులో ఆడి వచ్చాకా?"

"ఫ్రాన్సేంటి? ఎవరు చెప్పారు?"

"అబ్బా, ఫ్రాన్సేంటట! నీకొచ్చిన ఫాక్సు ఎక్కడికొచ్చిందనుకున్నావు? మా హెప్సిబా పనిచేసే ఎస్టీడీ బూతుకే వచ్చింది. మా చెల్లెలికి ఇంగ్లీషు చదవడం రాదనుకున్నావా?"

"వేరేవాళ్ళ కాయితాలు చదవడం మీ ఇంటి అలవాటన్నమాట."

"మా చెల్లెల్ని అన్నావంటే పళ్ళు రాలతాయి. అదేం ఇంటికొచ్చి చాటింపు వెయ్యలేదు. 'అన్నయ్యా, భానన్నకి కాంట్రాక్టు వచ్చింది, స్వీట్లు అడుగుదాం' అంది. నీ గురించి సంతోషపడింది, పిచ్చిది."

"సంతోషపడిందిగా. నువ్వూ పడు."

"పడతాను. అందులో ఏం రాశారో నువ్వే చెప్పు. పడతాను."

"నీకు తెలుసుగా."

"నీ నోటితో చెప్పు."

"క్లబ్బులోకి తీసుకుంటామన్నారు. రెండేళ్ళు. జీతం, ఇల్లు."

"ఎవర్ని తీసుకుంటామన్నారు?"

"భానుప్రకాష్‌ని. అందులో పేరుంది."

"పేరు ముందేముంది? మింగేశావేం? 'మద్రాసు రగ్బీ పోటీలో ఏడో నంబరు జెర్సీ వేసుకుని, ఆఖరి నిమిషంలో ఇద్దర్ని ఈడ్చుకుంటూ గీత దాటి బంతిని నేలకి ఆనించిన కుర్రాడు'. ఉందా లేదా?"

"ఉంది."

"ఆ కుర్రాడెవడు?"

"డ్రైవరొచ్చేస్తాడు ప్రేమ్."

"భానూ, అడుగుతోంది నిన్నే. ఏడో నంబరు ఎవరు వేసుకున్నారు ఆ రోజు?"

"మూడు నెలలైంది. గుర్తులేదు."

"గుర్తులేదా! సరే, నేను గుర్తుచేస్తా. మీ తాత పోతయ్య పోయి అప్పటికి ఎనిమిది రోజులు..."

"మా తాత ఊసెత్తకు."

"ఎత్తుతా. ఆ ముసలాడు చచ్చి నీకు ఫ్రాన్సు టిక్కెట్టు కొనిపెట్టాడు. ఎత్తకుండా ఎలా ఉంటాను?"

"ఒరేయ్ ప్రేమ్! ఇంకొక్క మాటన్నావంటే బస్సు దిగి మరీ కొడతాను."

"దిగు! అదేగా నేనడుగుతోంది? దిగవు. నాకు తెలుసు."

"ఏమయ్యా, మెట్టు మీద పంచాయితీ ఏంటి? ఎక్కేవాళ్ళు ఎక్కండి, దిగేవాళ్ళు దిగండి! డ్రైవరు టీ తాగి రాగానే బండి కదిలిపోద్ది."

"ఇతను దిగుతున్నాడు కండక్టరు గారూ."

"నేను దిగట్లేదండీ. బెజవాడకి టిక్కెట్టు ఇచ్చెయ్యండి."

"ఇచ్చెయ్యండి, ఇచ్చెయ్యండి. చిల్లర కూడా సరిగ్గా ఇచ్చెయ్యండి. నిజాయితీపరుడు. ఆ, ఎక్కడున్నాం? మీ తాత మైల. నువ్వు కర్మలు చూసుకుని జట్టు కంటే ఒకరోజు ఆలస్యంగా మద్రాసొచ్చావు. నీ ఏడో నంబరు జెర్సీ మడత విప్పకుండా కవర్లోనే ఉంది. పదకొండో రోజు దినం అయ్యేదాకా కొత్త గుడ్డ ఒంటి మీద పడకూడదని మీ అమ్మ ఒట్టేయించుకుని పంపింది. అవునా?"

"అవును. అయితే?"

"నేను ముందురోజు ఆడి విడిచిన నాలుగో నంబరు చెమట కంపు కొడుతూ తీగ మీద వేలాడుతోంది. 'ప్రేమూ, మీకు మైలలూ గీలలూ ఉండవుగా, కొత్తది నువ్వేసుకుని ఆ విడిచింది నాకియ్యరా' అని నా గడ్డం పట్టుకుని ఎవరు బతిమాలారు?"

"నేనే బతిమాలాను. ఇచ్చావు. దానికి దండం పెట్టమంటావా?"

"దండం వద్దు. నా ఆట నాకియ్యి. ఏడుగురి ఆటే కదా, ఎవరేది వేసుకుంటే ఏంటన్నారు కృపావరం మాస్టారు. కాయితం మీద పేర్లు మార్చడం మర్చిపోయారు. పోటీ చూడ్డానికొచ్చిన ఆ ఫ్రాన్సు క్లబ్బువాడు నన్ను చూసి నీ పేరు రాసుకెళ్ళాడు. ఇంతేగా సంగతి?"

"ఇంతే."

"ఒప్పుకున్నావుగా? మరి దిగు. బూతుకెళ్దాం. వాళ్ళకి ఫోన్ చేసి, పొరపాటైంది, ఆడినవాడు ప్రేమ్ సాగర్ అని చెప్పు. రెండు ముక్కలు. ఇంగ్లీషులో హెప్సిబా చెప్తుంది, నువ్వు 'ఎస్' అంటే చాలు."

"చెప్పను."

"ఎందుకు చెప్పవు?"

"చెప్పనంటే చెప్పను. మాస్టార్ని అడిగావా?"

"అడిగాను. 'మీరూ మీరూ తేల్చుకోండ్రా' అని తలుపేసుకున్నారు. ఆయనకి కావాల్సింది పేపర్లో ఫోటో. శిష్యుడు ఎవడైతేనేం?"

"ఆయన్ని కూడా వదల్లేదన్నమాట. మంగినపూడి ఇసకలో, బంతి కొనలేక, పీచు తియ్యని కొబ్బరికాయిచ్చి ఆట నేర్పిన మనిషాయన."

"ఇద్దరికీ నేర్పాడు. వచ్చింది నాకు. నీకు రాలేదు. అది ఊరందరికీ తెలుసు."

"నేనూ ఆడాను ఆ రోజు. ఆ బంతి నీ చేతికిచ్చింది నేనే."

"ఇచ్చావు. మీద పడిపోతారన్న భయంతో ఇచ్చావు. బంతి వదిలించుకున్నవాడికి కాంట్రాక్టు ఎవరిస్తారు? అసలు అక్కడికెళ్ళి ఏం చేస్తావు? నూటపది కిలోలవాడు ఎదురొస్తే పక్కకి తప్పుకుంటావా? 'ఏడో నంబరు ఆట చూపించరా' అంటే ఏం చూపిస్తావు?"

"నేర్చుకుంటాను."

"నేర్చుకుంటాడట! ఇండియా నుంచి ఒకణ్ణి తీసుకెళ్ళడమే వాళ్ళకి వింత. మన దేశంలో రగ్బీ ఆడతారని మన దేశానికే తెలీదు. నువ్వెళ్ళి వారంలో తిరిగొచ్చావనుకో, ఇంక ఇటువైపు చూస్తారా? నాదే కాదు, నా తర్వాతవాళ్ళ దారి కూడా మూసేస్తావు."

"నువ్వెళ్తే మాత్రం తెరుచుకుంటుందా?"

"ఎందుకు తెరుచుకోదు?"

"ఎందుకో నీకు తెలుసు."

"తెలీదు. చెప్పు."

"వద్దులే. నువ్వు వెళ్ళలేవు ప్రేమ్. వదిలెయ్."

"వెళ్ళలేనా? నేనా?"

"వెళ్ళినా ఉండలేవు. వదిలెయ్ అంటున్నాను."

"వదిలెయ్యడానికి నాకింకేముందిరా? నీకు మీ అన్న పడవుంది. చేప పడితే తింటావు, పడకపోతే పడవ అమ్మేసుకుంటావు. నాకు ఇరవై ఆరొచ్చాయి. డిగ్రీ పోయింది. నాన్న దగ్గర్నుంచి చర్చిలో పిల్లల దాకా అందరూ అడిగేది ఒకటే, ఆ పిచ్చాట ఎన్నాళ్ళని. వాళ్ళందరికీ ఒక్క సమాధానం వచ్చింది. అది నీ జేబులో ఉంది. ఇయ్యి."

"ఇవ్వను."

"కాళ్ళు పట్టుకోమంటావా?"

"వద్దు. గుడివాడ ఎందుకెళ్తున్నావో అది చెప్పు."

"ఏంటి?"

"గుడివాడ. మూడు నెలల్లో మూడుసార్లు. ఎందుకు?"

"గుడివాడకీ దీనికీ ఏంటి సంబంధం?"

"అడిగినదానికి చెప్పు."

"పెళ్ళికి. మా వాళ్ళ పెళ్ళికెళ్ళాను."

"మూడు పెళ్ళిళ్ళా? కళ్ళ డాక్టరింట్లోనా?"

"నీకెవరు చెప్పారు?"

"మా నాంచారయ్య మావయ్య ఆ డాక్టరు దగ్గర కాంపౌండరు. నీ చీటీ రాసింది ఆయనే."

"కంట్లో ఇసక పడింది. చుక్కలేశారు. ఇసకలో ఆడేవాడి కంట్లో ఇసక పడదా?"

"ఇసక కాదు. ఆ ఆఖరి నిమిషంలో నువ్వు ఈడ్చుకెళ్ళిన ఇద్దరిలో ఒకడి మోచెయ్యి నీ ఎడమ కంట్లో దిగింది. నెత్తురు తుడుచుకుని నవ్వావు. ఫోటోకి కూడా నవ్వావు. లోపల పొర ఊడిపోయిందనీ, ఆలస్యమైందనీ డాక్టరు చెప్పాడు. అప్పట్నుంచీ నువ్వు గ్రౌండుకి రాలేదు. పనుందన్నావు, జ్వరమన్నావు, నాతో మాటల్లేవన్నావు."

"కట్టుకథ. మీ మావయ్య తాగుతాడు."

"తాగుతాడు. చీటీలు మాత్రం సరిగ్గానే రాస్తాడు."

"ఒకవేళ నిజమే అనుకో. అయితే నా చోటు నీదైపోతుందా? కాకిలాగా ఎత్తుకుపోతావా?"

"పోతాను. నువ్వు పోలేవు గనక పోతాను. ఆ చోటు ఊరికే ఎందుకు పోవాలి?"

"అంటే నాకు కళ్ళు బావుంటే ఇచ్చేసేవాడివా?"

"ఇచ్చేవాణ్ణి కాదేమో. నాకూ ఆశ ఉంది. నేను మంచివాణ్ణని చెప్పట్లేదు. కానీ నీకు బావోలేదు."

"నా కళ్ళు బావున్నాయి! రెండూ బావున్నాయి!"

"అక్కడ దిగిన మొదటిరోజే డాక్టరు చూస్తాడు. చూడకపోతే ఇంకా ఘోరం. ఎడమ పక్కనుంచి వచ్చేవాడు కనపడకపోతే ఆ ఆటలో మెడ విరుగుతుంది."

"బావున్నాయంటున్నానా! ఏం చేస్తే నమ్ముతావు?"

"ఒక పందెం. నేనడిగినదానికి సరిగ్గా చెప్పు, నేను దిగిపోతాను. ఫోన్ చేసి నిజం చెప్తాను. మా అమ్మ మీద ఒట్టు."

"మీ అమ్మ మీదా?"

"మా అమ్మ మీదే. ఓడావనుకో, నా చొక్కా వదిలేసి ఇంటికెళ్ళు. ఆ కంటి సంగతి ఇంట్లో చెప్పు."

"ఇంట్లో ఎవరికీ తెలీదు. తెలియక్కర్లేదు. అడుగు."

"నా మొహంలోకి చూడు. తల తిప్పకూడదు. కళ్ళు కూడా పక్కకి పోకూడదు."

"చూస్తున్నాగా. అడుగు."

"నీ కుడి పక్క ఏముంది?"

"కుడి పక్క... చెరుకురసం బండి. ఎర్రచీర కట్టుకున్న ఒకావిడ, ట్రంకు పెట్టె మీద కూర్చుంది. ఇంకా చెప్పనా?"

"చాలు. ఎడమ పక్క?"

"ఎడమ పక్క ప్లాట్‌ఫారం."

"మనుషులు?"

"మనుషులు... ఎవరూ లేరు."

"ఆలోచించుకుని చెప్పు. దూరంగా కాదు. నీ చేతికి అందేంత దగ్గర్లో."

"ఆలోచించేదేముంది? ఎవరూ లేరు."

"ప్రేమ్, పోనీ ఇక్కడితో ఆపేద్దాం. చెప్పకు. వెళ్ళిపో."

"భయమేసిందా? ఓడిపోతున్నానని భయమేసిందిగా? లేరంటే లేరు! నా ఎడమ పక్క పురుగు కూడా లేదు! గెలిచాను. దిగు. దిగరా!"

"అన్నయ్యా... నేను, హెప్సిబాని. నీ మొహం పక్కనే చెయ్యి ఊపుతున్నాను."