టాయిలెట్ గోడ మీద పేరు

శనివారం పొద్దున, డచ్చి ఊరు ఆర్నెమ్‌లో తమ వంటింట్లో కాఫీ తాగుతూ మొగుడూ పెళ్లాలిద్దరూ ఫోన్లో అద్దె ఇళ్లు చూస్తున్నారు. ఆమె పుట్టినరోజుకి డెవెంటర్ వెళ్లి రెండు రోజులు హాయిగా ఉండొద్దామని.

“ఈ ఇల్లు బాగుంది. కిటికీలోంచి నది కనపడుతుంది.”

“ముందు టాయిలెట్ ఎలా ఉందో చూపించు.”

“నీకెప్పుడూ అదే గోల! ఇదిగో, అద్దంలా ఉంది. మనందరిళ్లలో లాగే ఎదురుగోడకి పుట్టినరోజుల క్యాలెండరు కూడా ఉంది.”

“ఆగాగు. దాన్ని పెద్దది చెయ్యి.”

“ఎవరి పుట్టినరోజులో మనకెందుకు? అరే, మే పంతొమ్మిది, ఫ్రౌకె! నీ పేరే, నీ తేదీయే! భలే కలిసిందే!”

“ఉత్తినే కలవలేదు. చివరి అక్షరం తోక చూడు, పేరు కిందంతా చుట్టుకొచ్చింది. నా బడిపుస్తకాల మీద అలాగే రాసేవాడు.”

“ఎవరు?”

“మా నాన్న.”

“ఆయన కెనడాలో కదా ఉన్నాడు?”

“అమ్మ అలాగే చెప్పింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఇరవై ఆరేళ్లలో ఒక్క కార్డు ముక్క రాయలేదు.”

“డెవెంటర్ ఇక్కడికి గంట దూరం కూడా లేదే!”

ఆమె ఫోను లాక్కుని ఆ పేరుని ఇంకా పెద్దది చేసింది.

“ఏటా మే నెలంతా, పొద్దున్నే నా పేరుకి ఎదురుగా కూర్చునేవాడన్నమాట, పెద్దమనిషి!”

“వద్దులే, ఇంకో ఇల్లు చూస్తాను.”

“తాళం ఎవరిస్తారని రాశారు?”

“ఇంటాయనే గుమ్మంలో ఉండి ఇస్తాడట.”

“అయితే ఇదే తీసుకో. పేరు మాత్రం నాది రాయి.”