ఎడమచేతి ముడి

కుళాయిలు, పైపులు బాగుచేసే కూతురు, ఆమెకు ఆ పని నేర్పిన తండ్రి ఒక ఇంట్లో పని ముగించుకుని మెట్లు దిగుతున్నారు. పనిముట్ల సంచి తండ్రి భుజాన ఉంది.

“ఆ సంచి ఇటివ్వు నాన్నా.”

“నా చేతులేం పడిపోలేదులే.”

“వంటింటి పైపు చూడగానే, ‘ఏ చేతకానివాడు బిగించాడో’ అనేశాను. ఆ ఇంటావిడ ముందే.”

“కారుతున్న పైపుని పొగడమంటావా?”

“విప్పితే, నీళ్ళు కారకుండా మరకి చుట్టే జనపనార ముడి కనిపించింది. ఎడమచేతి ముడి. నీది.”

“టార్చి పట్టుకుంది నేనే కదమ్మా, నాకూ కనిపించింది. అప్పుడేదో తొందరలో నార తక్కువ చుట్టాను.”

“అది కాదు నాన్నా. ఎవరు చేశారో తెలుసా అని ఆవిడ అడిగితే, ముడి చూశాక కూడా తెలీదన్నాను. నువ్వు పక్కనే ఉన్నావు.”

“చెబితే మళ్ళీ పిలవదనుకున్నావు.”

“ఊఁ.”

“నేను మాత్రం నోరు విప్పానా?”

“నీ మొహం చూడలేకపోతున్నాను.”

“మెట్లు చూసుకుని దిగు. సరేగానీ, ఇప్పుడు నువ్వు ముడి ఎటు వేశావు?”

“ఎడమకే. నాకు ఇంకోలా రాదు నాన్నా.”

“ఇదిగో, సంచి. ఇక నువ్వే మొయ్యి.”